బౌల్డర్ కేసు: వాతావరణ నష్టానికి స్టేట్ కోర్టులో దావా వేయొచ్చా, అది ఫెడరల్ ప్రభుత్వం పనేనా?

కొండగాలి – లూయిస్‌విల్, కొలరాడో

మాది బౌల్డర్ కౌంటీలో లూయిస్‌విల్. 2021 డిసెంబరు 30న మార్షల్ ఫైర్ వచ్చినప్పుడు పాస్‌పోర్టులు, అమ్మ మందులు, మావాడి ఇన్‌హేలర్ సంచిలో వేసుకుని కారెక్కినవాళ్లలో మేమూ ఉన్నాం. మా ఇల్లు నిలిచింది. వెనక వీధి బూడిదైంది. ఒక్క పూటలో వెయ్యికి పైగా ఇళ్లు పోయాయి. డిసెంబరు నెలాఖరంటే ఇక్కడ నేల మీద మంచు ఉండాలి. ఆ ఏడాది లేదు. గడ్డి ఎండి కరకరలాడుతోంది, దాని మీద గంటకు వంద మైళ్ల గాలి.

అయితే ఈ పోస్టు ఆ మంట గురించి కాదు. దానికి మూడేళ్ల ముందే మా కౌంటీ వేసిన దావా గురించి.

2018 ఏప్రిల్‌లో బౌల్డర్ కౌంటీ, బౌల్డర్ సిటీ కలిసి ఎక్సాన్‌మొబిల్, సన్‌కోర్ కంపెనీల మీద కొలరాడో స్టేట్ కోర్టుకు వెళ్లాయి. వాళ్ల వాదన ఇది: ‘మీరు అమ్మే ఇంధనం వల్ల భూమి వేడెక్కుతుందని మీకు ముందే తెలుసు. తెలిసీ జనాన్ని తప్పుదోవ పట్టించి అమ్మకాలు పెంచుకున్నారు. వరదకు కొట్టుకుపోయిన కల్వర్టులు కట్టుకోవాలన్నా, అడవి మంటలకు సిద్ధంగా ఉండాలన్నా ఖర్చు మా పన్నుల్లోంచే పోతోంది. అందులో మీ వాటా మీరు కట్టండి.’ కంపెనీలు ఏమన్నాయంటే, ఇది ప్రపంచమంతటికీ సంబంధించిన విషయం, ఒక రాష్ట్రం కోర్టు తేల్చేది కాదు.

మొదటి ఐదేళ్లు ఏ కోర్టులో వినాలన్న గొడవతోనే గడిచాయి. ఫెడరల్ కోర్టుకు మార్చమని కంపెనీలు అడిగాయి. 2023 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీసుకోకపోవడంతో కేసు కొలరాడోలోనే ఉండిపోయింది. 2025 మే 12న కొలరాడో సుప్రీంకోర్టు 5–2తో దావా నడవొచ్చు అంది. కంపెనీలు మళ్లీ వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కాయి.

ఈలోపు 2025 ఏప్రిల్ 8న అధ్యక్షుడు ట్రంప్, రాష్ట్రాల ఇలాంటి చట్టాలను, దావాలను అడ్డుకోమని అటార్నీ జనరల్‌కు ఉత్తర్వు ఇచ్చారు. నెల తిరక్కుండానే ఫెడరల్ న్యాయశాఖ హవాయి, మిషిగన్ రాష్ట్రాల మీద కేసులు వేసింది. ఆ రాష్ట్రాలు అప్పటికింకా ఆయిల్ కంపెనీల మీద దావా వేయనేలేదు. వేయకుండానే ఆపమని అడిగింది. హవాయి మర్నాడే తన దావా దాఖలు చేసింది.

నా ఉద్దేశం ఒకటే. నష్టపోయినవాడు తన ఊరి కోర్టులో పరిహారం అడిగే హక్కును కాంగ్రెస్ ఏ చట్టంతోనూ తీసేయలేదు. చట్టం తీసేయనిదాన్ని ఉత్తర్వుతో తీసేయకూడదు. మీరేమంటారో చెప్పండి. కాదనేవాళ్లు కూడా రాయండి, నిజంగా వినాలని ఉంది.

కాకినాడ కుర్రాడు – హ్యూస్టన్

కొండగాలి గారూ, ఇన్‌హేలర్ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. 2017లో హార్వీ తుపానుకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. కాబట్టి వాతావరణం మారడం లేదని నేను అనను. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా రిఫైనరీలో ప్రాసెస్ ఇంజినీరుని. నా జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుని నా మాట తూచండి.

కృష్ణా నీళ్ల సంగతి చూడండి. ఆల్మట్టి ఎత్తు మీద విజయవాడ కోర్టు ఆంధ్ర చట్టం ప్రకారం తీర్పు ఇస్తే కర్ణాటక ఒప్పుకుంటుందా? బెంగళూరు కోర్టు ఇస్తే మనం ఒప్పుకుంటామా? అందుకే రాజ్యాంగంలో 262వ అధికరణం పెట్టారు, బచావత్ ట్రిబ్యునల్ వచ్చింది. నదికైనా ఎగువ, దిగువ అని ఉంటాయి. గాలికి అవీ లేవు. కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఆటో వదిలిన పొగ కూడా బౌల్డర్ మీద గాలిలోనే కలుస్తుంది. అందులో ఏ అణువు ఎవరిదో ఒక కౌంటీలో కూర్చున్న జ్యూరీ ఎలా చెబుతుంది? చెప్పినా, ఆ తీర్పు భారం టెక్సస్‌లో తీసే ఆయిల్ మీద, ఇండియాలో అమ్మే ఆయిల్ మీద కూడా పడుతుంది. కొలరాడో ఓటర్లు ఎన్నుకున్న చట్టాలు టెక్సస్ మీద ఎందుకు పనిచేయాలి?

ఇది నా ఒక్కడి మాట కాదు. 1987లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. షాంప్లెయిన్ సరస్సుకు న్యూయార్క్ వైపు పేపర్ మిల్లు, అవతలి గట్టున వెర్మాంట్ ఇళ్లు. వెర్మాంట్ వాళ్లు దావా వేయొచ్చు, కానీ మిల్లు ఉన్న న్యూయార్క్ చట్టం ప్రకారమే వేయాలి అంది కోర్టు. 2011లో కనెటికట్ వగైరా రాష్ట్రాలు కరెంటు కంపెనీల మీద వేసిన కేసును 8–0తో తోసిపుచ్చింది. క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద ఈ పని పర్యావరణ సంస్థ ఈపీఏకి అప్పగించారు, జడ్జీలు తయారుచేసిన ఫెడరల్ నియమాలకు ఇక చోటు లేదు అంది. 2021లో న్యూయార్క్ నగరం వేసిన దావాను అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది.

మంట గురించి కాదన్నారు కానీ దానితోనే మొదలుపెట్టారు కాబట్టి ఒక్క మాట. మార్షల్ ఫైర్ ఎలా పుట్టిందో 2023లో మీ షెరీఫ్ ఆఫీసు చెప్పింది. వారం ముందు ఒక స్థలంలో కాల్చిన చెత్తలో మిగిలిన నిప్పు ఒకటి, ఊడి ఊగిన కరెంటు లైను రెండోది. కరెంటు కంపెనీ ఎక్సెల్ తప్పు ఒప్పుకోకుండానే 2025లో 64 కోట్ల డాలర్లు ఇవ్వడానికి రాజీపడింది. ఫలానా లైను, ఫలానా రోజు, ఫలానా ఇల్లు అని చూపించగలిగారు. కోర్టు తేల్చగల విషయం అలా ఉంటుంది.

ఎల్‌ఎల్‌బీ ఫైనలియర్ – హైదరాబాద్

ఒక డౌట్ సార్. ‘స్టేట్ లా’ ప్రకారం దావా అంటున్నారు కదా, అది కొలరాడో అసెంబ్లీ పాస్ చేసిన చట్టమా? మాకు టార్ట్స్ (నష్టపరిహారం దావాల చట్టం) పేపర్లో న్యూసెన్స్ చెప్పారు కానీ రాష్ట్రానికో న్యూసెన్స్ ఉంటుందని చెప్పలేదు.

నల్లకోటు – గుంటూరు

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఇది అర్థం కాకపోతే మిగతా చర్చ అంతా గాల్లో ఉంటుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో కోర్టులన్నీ ఒకే నిచ్చెన. మంగళగిరి కోర్టులో మొదలై హైకోర్టు మీదుగా ఢిల్లీ చేరుతుంది. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా అదే జడ్జి చూస్తారు. అమెరికాలో రెండు నిచ్చెనలు పక్కపక్కన ఉంటాయి. రాష్ట్ర చట్టానికి అర్థం ఏమిటన్నదాంట్లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుదే చివరి మాట. వాషింగ్టన్ సుప్రీంకోర్టు కూడా దాన్ని మార్చలేదు. అది ఫెడరల్ చట్టానికో రాజ్యాంగానికో అడ్డం వస్తోందా లేదా అన్నంతవరకే చూడగలదు.

న్యూసెన్స్ (పక్కవాడికి ఇబ్బంది కలిగించడం), ట్రెస్‌పాస్ (పక్కవాడి స్థలంలోకి చొరబడటం) అనేవి అసెంబ్లీలు రాసినవి కావు. పక్కింటివాడి పొగ నా వంటింట్లోకి వస్తే ఏం చేయాలో వందల ఏళ్లుగా జడ్జీలు ఒక్కో కేసులో చెప్పుకుంటూ వచ్చిన నియమాలు. అమెరికాలో 1938 నుంచి ఇవి రాష్ట్రాల సొత్తు. ఫెడరల్ జడ్జీలు సొంతంగా ఇలాంటి సాధారణ నియమాలు తయారుచేయకూడదని ఆ ఏడాది సుప్రీంకోర్టు తేల్చింది. కొన్ని మినహాయింపులు ఉంచారు. ఒక రాష్ట్రం మురుగు ఇంకో రాష్ట్రంలోకి పోవడం అందులో ఒకటి. మిషిగన్ సరస్సులోకి మిల్వాకీ మురుగు వదులుతోందని ఇల్లినాయ్ వేసిన కేసులో, 1972లో, అక్కడ ఫెడరల్ నియమమే వర్తిస్తుంది అన్నారు. అదే ఏడాది కాంగ్రెస్ క్లీన్ వాటర్ యాక్ట్ తెచ్చింది. 1981లో అదే గొడవ మళ్లీ వస్తే, చట్టం వచ్చింది కాబట్టి ఆ ఫెడరల్ నియమం పోయింది అన్నారు. 2011లో గాలికీ అదే చెప్పారు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. రాష్ట్ర నియమం మీద ఫెడరల్ నియమం అనే దుప్పటి కప్పారు. తర్వాత చట్టం వచ్చి ఆ దుప్పటి తీసేసింది. మరి కింద ఉన్న రాష్ట్ర నియమం మళ్లీ బయటికొచ్చినట్టా, దుప్పటితో పాటే పోయినట్టా? పోయింది అంటుంది న్యూయార్క్ అప్పీల్ కోర్టు. బయటికొచ్చింది అంటున్నాయి 2023లో హవాయి సుప్రీంకోర్టు (హోనలూలూ నగరం ఆయిల్ కంపెనీల మీద వేసిన దావాలో), 2025లో కొలరాడో. 2011 తీర్పు చివర్లో, రాష్ట్ర చట్టం కింద వేసే దావాల సంగతి మేం తేల్చడం లేదు అని జస్టిస్ గిన్స్‌బర్గ్ వదిలిపెట్టారు. హ్యూస్టన్ మిత్రులు ఆ తీర్పు చెప్పారు కానీ ఈ ముక్క చెప్పలేదు.

మన దగ్గర దారి వేరు. 2024 మార్చిలో రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ 14, 21 అధికరణాల కింద హక్కే అంది. బట్టమేక పిట్టలు, సోలార్ కరెంటు తీగల గొడవలోంచి వచ్చిన తీర్పు అది. అక్కడ రాష్ట్రమా కేంద్రమా అన్న ప్రశ్నే పెద్దగా రాలేదు.

ఎడిసన్ నాన్న – న్యూజెర్సీ

చట్టం సంగతి నాకు పెద్దగా తెలియదు. మా న్యూజెర్సీ వేసిన దావాను 2025 ఫిబ్రవరిలో ఇక్కడి ట్రయల్ కోర్టే కొట్టేసింది. 2024లో బాల్టిమోర్ దావాకీ అక్కడి ట్రయల్ కోర్టులో అదే జరిగింది. అంటే రాష్ట్ర జడ్జీలే ఒక మాట మీద లేరు. పక్కన న్యూయార్క్ 2024 చివర్లో చట్టం చేసి, పాతికేళ్లలో 7,500 కోట్ల డాలర్లు ఈ కంపెనీల నుంచి వసూలు చేస్తామంటోంది. ఆ డబ్బు చివరికి నేను పెట్రోలు బంకులో, గ్యాస్ బిల్లులో కడతాను. ఇద్దరు పిల్లల్ని కాలేజీకి పంపుతున్నవాడికి అదే టెన్షన్. నష్టం జరిగిందంటే ఒప్పుకుంటాను. తీర్చేది దేశమంతా ఒకే పద్ధతిలో ఉండాలి.

కొండగాలి – లూయిస్‌విల్, కొలరాడో

నాన్న గారూ, ఆ టెన్షన్ నాకూ ఉంది. కానీ డబ్బు ఇప్పటికే కడుతున్నాం. మంట తర్వాత మా ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం రెట్టింపు దాటింది. రెండేళ్లకు ఆ కంపెనీ మా పాలసీయే పొడిగించనంది. బంకులో కట్టేది కనిపిస్తుంది, ఇది కనిపించదు, అంతే తేడా.

కాకినాడ గారూ, మంట విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. నిప్పు రాజేసింది ఆయిల్ కంపెనీ కాదు, అలా అనిపించేలా రాసి ఉంటే తప్పు నాదే. కౌంటీ కూడా ఆ ఒక్క మంటకు డబ్బు అడగడం లేదు, దావా అంతకు ముందుది.

పేపర్ మిల్లు కేసు మాత్రం మీకు ఎంత సాయమో నాకూ అంతే సాయం. వెర్మాంట్ వాళ్ల దావాను కోర్టు అసలు ఆపలేదు. ఏ రాష్ట్రం చట్టం అన్నది మాత్రమే చెప్పింది. సన్‌కోర్ రిఫైనరీ డెన్వర్ పక్కన కామర్స్ సిటీలో ఉంది, మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. పెట్రోలు అమ్మింది కొలరాడోలో, దెబ్బ తగిలింది కొలరాడోలో. మరి ఏ చట్టం వాడాలి?

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి ఉంది. 2007లో మసాచుసెట్స్ రాష్ట్రం కేసు వేస్తే, గ్రీన్‌హౌస్ వాయువులు క్లీన్ ఎయిర్ యాక్ట్ కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 5–4తో చెప్పింది. దాని మీదే 2009లో ఈపీఏ, ఈ వాయువులు ప్రజారోగ్యానికి ప్రమాదమని అధికారికంగా తేల్చింది. 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను వెనక్కి పంపింది ఈ ధీమాతోనే, ఈపీఏ ఉంది కదా అని. ఇప్పుడు అదే ఈపీఏ 2025 జూలైలో, ఆ 2009 నిర్ణయాన్ని రద్దు చేస్తామని, ఈ వాయువుల మీద తనకు ఆ అధికారం లేదని ప్రతిపాదన పెట్టింది.

ఇంట్లో పెద్దన్న ‘అప్పు సంగతి నేను చూసుకుంటా, నువ్వు మాట్లాడకు’ అంటే తమ్ముడు ఊరుకుంటాడు. అదే పెద్దన్న ఇంకో గదిలోకి వెళ్లి ‘ఆ అప్పుతో నాకు సంబంధం లేదు’ అంటే? తమ్ముడు నోరు తెరిస్తే మళ్లీ ‘నువ్వు మాట్లాడకు’ అంటే? ఫెడరల్ న్యాయశాఖ రాష్ట్రాలతో అంటున్నది ఇదే. రంగం మాది కాబట్టి మీరు రావొద్దంటోంది ఒక శాఖ. ఆ రంగంలో మాకు పనే లేదంటోంది ఇంకో శాఖ. రెండూ ఒకే ప్రభుత్వం.

కాకినాడ కుర్రాడు – హ్యూస్టన్

నల్లకోటు గారూ, మీరు చూపించిన ముక్క నిజమే, ఒప్పుకుంటున్నాను.

కొండగాలి గారూ, పెద్దన్న పోలిక రెండు రోజులుగా తిరుగుతోంది బుర్రలో. ఈపీఏ చేస్తున్నదాన్ని నేను సమర్థించను. పరిశ్రమలో కూడా చాలామంది ఆ ప్రతిపాదన విని కంగారుపడ్డారు, ఎందుకంటే ఇన్నాళ్లూ కోర్టుల్లో మా రక్షణ ఈపీఏ ఉందన్న మాటే. అయినా పెద్దన్న బాధ్యత వదిలేస్తే తమ్ముడికి అన్నదమ్ములందరి తరఫునా సంతకం పెట్టే అధికారం వచ్చేస్తుందా? అలబామా, ఇంకో 18 రాష్ట్రాలు కలిసి, ఇంకో ఐదు రాష్ట్రాలు వేసిన ఇలాంటి దావాలను ఆపమని నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో కోర్టు వినలేదు, నిజమే. కానీ 19 రాష్ట్రాలు అంతదూరం వెళ్లాయంటే, ఇంకో రాష్ట్రం జ్యూరీ తీర్పు తమ మీద పడుతుందన్న భయం కల్పితం కాదు కదా. కృష్ణా మీద కేంద్రం ట్రిబ్యునల్ వేయడానికి ఆలస్యం చేసిందని విజయవాడ కోర్టు నీళ్లు పంచలేదు.

ఇంకో తేడా చూడండి. హోనలూలూ దావాలో బలమైన పాయింటు మోసం. హెచ్చరించలేదు, తప్పుడు ప్రచారం చేశారు అని. హవాయి సుప్రీంకోర్టు కూడా దాన్ని అలాగే చూసింది. 2025 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. బౌల్డర్‌లో నడుస్తున్నవి న్యూసెన్స్, ట్రెస్‌పాస్, అన్యాయంగా లాభపడటం, కుట్ర. ఇందులో నష్టం లెక్క ఎంత తిప్పినా చివరికి ఎంత పొగ వెళ్లింది అన్నచోటికే వస్తుంది. ఆ పొగలో సగానికి పైగా అమెరికా బయటిది. అబద్ధం ఆడితే అబద్ధానికి శిక్ష వేయండి, అభ్యంతరం లేదు. పొగ లెక్క మాత్రం కౌంటీ కోర్టుది కాదు.

ఎల్‌ఎల్‌బీ ఫైనలియర్ – హైదరాబాద్

సిగరెట్ కంపెనీల విషయంలో కూడా రాష్ట్రాలే కదా గెలిచింది? 1994లో మిసిసిపీ మొదలుపెట్టింది, 1998 నాటికి 46 రాష్ట్రాలతో ఒప్పందం అయింది, పాతికేళ్లలో 20,000 కోట్ల డాలర్లకు పైగా. ప్యాకెట్ మీద హెచ్చరికకు ఫెడరల్ చట్టం అప్పటికే ఉంది. అయినా మోసం కింద వేసిన దావాలు బతుకుతాయని 1992లో సుప్రీంకోర్టు చెప్పిందని చదివాను.

కాకినాడ కుర్రాడు – హ్యూస్టన్

తమ్ముడూ, సిగరెట్ కాల్చినవాడి ఊపిరితిత్తుల్లో ఉన్నది ఆ సిగరెట్ పొగే. ఇక్కడ కౌంటీ ట్రక్కులు కూడా మా డీజిల్ మీదే నడిచాయి. అయినా నీ పోలికలో మోసం వరకు న్యాయం ఉంది. ఎక్సాన్ శాస్త్రవేత్తలు 1970ల చివర నుంచి వేసిన ఉష్ణోగ్రత అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ చదివాను. లెక్కలు వేసినవాళ్లు నాలాంటి ఇంజినీర్లు. వాళ్ల లెక్క బాగుందని గర్వపడాలో, దాన్ని కంపెనీ వాడిన తీరుకు సిగ్గుపడాలో తెలియలేదు.

మూసీ ఒడ్డు – హైదరాబాద్

అందరూ కేంద్రమా రాష్ట్రమా అంటున్నారు. రాష్ట్రం అనగానే నష్టపోయినవాడి పక్షం అనుకోకండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు వద్దన్న నిబంధన ఉన్నా, 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక నూనెల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి వద్దన్నా ఇచ్చింది. మేం తాగే నీళ్లవి. సుప్రీంకోర్టు 2000లో ఆ మినహాయింపు చెల్లదన్నాకే ఆగింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు నరికించిందీ రాష్ట్ర ప్రభుత్వమే, ఆపిందీ సుప్రీంకోర్టే.

అమెరికాలోనూ మోంటానాలో 16 మంది పిల్లలు, యువకులు కేసు వేసింది తమ రాష్ట్రం మీదే. పరిశుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు అని 1972 నాటి మోంటానా రాజ్యాంగంలో ఉంది. 2023లో గెలిచారు, 2024 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు 6–1తో ఖాయం చేసింది. అదే ఫెడరల్ ప్రభుత్వం మీద 21 మంది పిల్లలు 2015లో వేసిన జూలియానా కేసు పదేళ్లు తిరిగి 2025 మార్చిలో విచారణ లేకుండానే ముగిసింది. ప్రభుత్వం మంచిదా కాదా అన్నది పక్కన పెట్టండి. నాకు కావలసింది రెండో తలుపు. ఒకటి మూసినప్పుడు కొట్టడానికి ఇంకోటి ఉండాలి.

నల్లకోటు – గుంటూరు

రెండో తలుపు లేకపోతే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్. కొద్ది రోజుల్లోనే అమెరికా లాయర్లు విమానాలు దిగారు, బాధితుల తరఫున అక్కడి కోర్టుల్లో దావాలు పడ్డాయి. 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. బాధితులందరి తరఫునా దావా వేసే హక్కు భారత ప్రభుత్వానికి మాత్రమే ఉంటుందని. ఉద్దేశం చెడ్డది కాదు. పెద్ద కంపెనీతో పేదవాడు ఒంటరిగా పోట్లాడలేడు, దేశమే పోట్లాడాలి, అందరికీ ఒకే పద్ధతి ఉండాలి అన్నారు. ఎడిసన్ నాన్న గారు ఇప్పుడంటున్నది అదే. కేంద్రం అడిగింది 330 కోట్ల డాలర్లు. న్యూయార్క్ జడ్జి 1986లో, ఈ కేసు ఇండియాలోనే నడవాలని పంపేశారు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు కేంద్రం రాజీపడింది. బాధితులను అడగలేదు. అది చాలదని కేంద్రమే మళ్లీ కోర్టుకు వెళితే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు కుదరదంది. నేను లా చదివేటప్పుడు మా మాస్టారు ఆ చట్టం పాఠం చెబుతూ మధ్యలో ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

అలాగని కొండగాలి గారి వాదన మొత్తం ఒప్పుకుంటున్నానని కాదు. కాకినాడ గారి కృష్ణా పోలికకు నా దగ్గర జవాబు ఒకటుంది. నదుల విషయంలో పార్లమెంటు 1956లో చట్టం చేసి, కోర్టులు ఇందులో కలగజేసుకోకూడదని స్పష్టంగా రాసింది. భోపాల్‌లోనూ హక్కు తీసుకున్నది చట్టంతోనే. తప్పో ఒప్పో, ఎంపీలు చేతులెత్తి చేసిన పని. అమెరికాలోనూ తుపాకీ కంపెనీలను దావాల నుంచి కాపాడటానికి 2005లో కాంగ్రెస్ బహిరంగంగా ఒక చట్టం చేసింది. ఆయిల్ కంపెనీలకు అలాంటి రక్షణ ఇవ్వాలనుకుంటే కాంగ్రెస్ ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. పైగా క్లీన్ ఎయిర్ యాక్ట్‌లోనే, రాష్ట్రాలు ఇంతకన్నా గట్టి నిబంధనలు పెట్టుకోవచ్చని ఉంది, బండ్ల పొగకు మాత్రం వేరే లెక్క. కాంగ్రెస్ రాయని నిషేధాన్ని కోర్టు రాజ్యాంగం వరుసల మధ్యలోంచి వెతికి తీయాలా? తీయకూడదని నా అభిప్రాయం.

కాకినాడ కుర్రాడు – హ్యూస్టన్

భోపాల్ నాకు తట్టలేదు. కెమికల్ ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి నెలలో మాకు చెప్పిన సేఫ్టీ పాఠం అదే. మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి నీళ్లు ఎలా వెళ్లాయన్నది పరీక్షలో రాశాను. తర్వాత దావా ఏమైందన్నది ఎవరూ అడగలేదు, నేనూ చదవలేదు.

కొండగాలి గారూ, ఒక సూటి ప్రశ్న. రేపు కాంగ్రెస్ నిజంగానే తుపాకుల చట్టం లాంటిది ఆయిల్ కంపెనీలకు చేస్తే ఒప్పుకుంటారా?

కొండగాలి – లూయిస్‌విల్, కొలరాడో

నచ్చదు. దానికి ఓటేసిన ప్రతి ఒక్కరి ఆఫీసుకూ ఫోన్ చేస్తాను. కానీ చట్టం చట్టమే, మా కౌంటీ దావా అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు ఎవరి పేరు పక్కన ఏ ఓటు పడిందో నాకు కనిపిస్తుంది. ఇప్పుడు ఎవరినీ అడగలేకుండా ఉన్నాను.

మరి మీరు? మోసం వరకైతే ఒప్పుకుంటానన్నారు. ఆ మోసం జరిగిందో లేదో తేలాలన్నా ముందు కాగితాలు కోర్టులోకి రావాలి కదా?

కాకినాడ కుర్రాడు – హ్యూస్టన్

రావాలి. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నంతవరకు స్టేట్ కోర్టులో విచారణ జరగనివ్వండి. పొగకు వెల కట్టే భాగం మాత్రం కాంగ్రెస్‌కే వదలాలని ఇప్పటికీ అంటాను. ఈ రెంటినీ కోర్టు విడదీయగలదా అంటే నల్లకోటు గారే చెప్పాలి.

నల్లకోటు – గుంటూరు

కష్టం. మోసం వల్ల ఎంత నష్టమన్న లెక్క వేయబోతే పొగ దగ్గరికే వస్తుంది, మీరే అన్నారు. హవాయి కోర్టు విడదీయొచ్చంది. కొలరాడోలో అసమ్మతి తెలిపిన ఇద్దరు జడ్జీలకు ఇది రాష్ట్ర చట్టం పరిధి దాటిపోయినట్టే కనిపించింది. చదువుతుంటే రెండు వైపులా గట్టిగానే అనిపిస్తుంది.

కొండగాలి – లూయిస్‌విల్, కొలరాడో

విచారణ వరకైనా మీరు ఒప్పుకున్నారు, అది చాలు ఈ రోజుకి. దావా వేసినప్పుడు మావాడు రెండో తరగతి. ఇప్పుడు హైస్కూలుకొచ్చాడు. ఇన్నేళ్లలో ఈ కేసులో ఒక్క సాక్షి కూడా జ్యూరీ ముందు బోనెక్కలేదు.